బీరువాలోని బిళ్ళలు, మిద్దె మీది బిళ్ళ

మా ఆయనకు చక్కెర జబ్బు ఉందని తేలిన రోజు డాక్టరు పెద్దగా భయపెట్టలేదు. రోజూ ఒక గంట నడవమన్నాడు, అంతే. చింతామణిలో సగం ఊరు పొద్దున్నే నడుస్తుంది. ఈయనా వాళ్ళ వెనక నడిస్తే సరిపోయేది. కానీ మా ఆయనకు ఊరికే నడవడం నామోషీ. అంగడి యజమాని పనీపాటా లేనట్టు చేతులూపుకుంటూ పోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారని దిగులు. నెల రోజులు ఫోన్లో వెతికి వెతికి నడకకు ఒక సాకు కనిపెట్టాడు. ఒక ప్లాస్టిక్ బిళ్ళను శక్తికొద్దీ దూరంగా విసరాలి. అది పడిన చోటికి నడవాలి. అక్కడినుంచి మళ్ళీ విసరాలి. చివర్లో గొలుసులు వేలాడే బుట్ట ఒకటి ఉంటుంది, తక్కువ విసుర్లతో దాంట్లో వేసినవాడు గెలిచినట్టు. దీని పేరు డిస్క్ గోల్ఫ్ అట.

మా అత్త అంతా విని, "తట్ట నువ్వే పారేసి, నువ్వే పోయి ఎత్తుకోని వచ్చేదానికి ఆట అని పేరు యాల?" అని అడిగింది. తట్టంటే మా పక్క అన్నం తినే పళ్ళెం. ఆ రోజునుంచి మా ఇంట్లో వాటి పేరు తట్టలే.

మాది ప్లాస్టిక్ సామాన్ల అంగడి. బిందెలు, బకెట్లు, చాటలు, కుర్చీలు. పెళ్ళైన ఏడాదికే నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉన్నాను. గోటితో గీరి, వేలి కణుపుతో కొట్టి, ఏది కొత్త సరుకో ఏది పాత చెప్పులు కరిగించి పోసిన సరుకో కళ్ళు మూసుకుని చెప్పగలను. మా ఆయన ఆ అంగట్లోనే పుట్టి పెరిగాడు. అయినా గిరాకీ వచ్చి "ఇది గట్టిదేనా అప్పా?" అని బకెట్ ఎత్తి చూపిస్తే, జవాబు కోసం నా వైపు చూసేవాడు. అలాంటి మనిషికి నలభై తొమ్మిదో ఏట ప్లాస్టిక్ గురించి జ్ఞానోదయమైంది.

అన్నం ముందు కూర్చుంటే చాలు, మొదలుపెట్టేవాడు. బిళ్ళల్లో డ్రైవర్ అని ఒక రకముందట. అంచు సన్నగా, పదునుగా ఉండి అన్నిటికన్నా దూరం పోతుంది. ఒకే అచ్చులో పోసినా, ఏ ప్లాస్టిక్‌తో పోశారన్నదాన్ని బట్టి దాని నడత మారుతుందట. చౌక ప్లాస్టిక్‌ది సుద్దలా గరుగ్గా ఉంటుంది, చేతికి మంచి పట్టు దొరుకుతుంది, కానీ రాయికి తగిలితే అంచు చితుకుతుంది. ఖరీదైనది కలకండ ముక్కలా మెరుస్తుంది, బండకేసి కొట్టినా ఒక పట్టాన గీత పడదు. కుడిచేతిని ఎడమ భుజం దాకా తెచ్చి విసిరితే, ఏ బిళ్ళైనా ఊపు తగ్గాక ఎడమకు తిరిగి దిగుతుంది. ఖరీదైన ప్లాస్టిక్‌కు ఆ గుణం ఎక్కువ, తొందరగా పోదు. విసిరేవాడి చేతిలో వేగం లేకపోతే బయలుదేరిన కాసేపటికే ఎడమకు పడిపోతుంది. చౌకది దెబ్బలు తినేకొద్దీ ఆ గుణం వదులుకుంటుంది. కొన్నాళ్ళకు నేరుగా పోతుంది, ఇంకా దెబ్బలు తింటే కుడికి ఒరుగుతుంది.

"దీంట్లో కొత్తేముండాది? వాడేకొద్దీ బకెట్లూ మెత్తబడతాయి కదా," అన్నాను.

"బకెట్‌కూ దీనికీ పోలికేందే? ఇది సైన్సు," అన్నాడు, రసం కలుపుకుంటూ.

సైన్సు తెలిశాక ఊరుకుంటాడా? ఖరీదైన డ్రైవర్లు నాలుగు తెప్పించాడు. ఒక్కొక్కదాన్నీ కిటికీ దగ్గర వెలుగుకు పెట్టి చూసి, మెత్తటి గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టాడు. వాటిని మంచి రోజుకు వాడాలట. రోజూ విసరడానికి చౌకవి ఉన్నాయి కదా అన్నాడు. ఇందులో ఆయన్ను తప్పుపట్టను, మా ఇళ్ళల్లో ఆచారమే అది. పేరు కొట్టించిన మా అత్త స్టీలు సామాను అటక దిగి ముప్పై ఏళ్ళయింది. నా పెళ్ళి పట్టుచీర మూడుసార్లు ఒంటి మీదికి వచ్చింది. కుర్చీలమ్ముకునేవాళ్ళం, మా ఇంటికొచ్చినవాళ్ళు మాత్రం ఇప్పటికీ కవరు ఊడదీయని కుర్చీలోనే కూర్చుంటారు.

నా మనసు నొచ్చింది వేరే సంగతికి. బిళ్ళలకు చోటు చేయడానికి ఆయన బీరువా పై అరలోంచి నా చేను కాగితాలు తీసి, అంగట్లోని రెండో రకం డబ్బా ఒకటి తెచ్చి అందులో పడేశాడు. దాని మూత ఒక పక్క మూస్తే ఇంకో పక్క లేస్తుంది.

ఆ చేను మిట్టేమరి దగ్గర రెండెకరాలు. మా నాయన పసుపు కుంకుమ కింద నా పేరున రాసిచ్చాడు. చుట్టూ రాతి గుండ్లు, మధ్యలో ఎర్రమన్ను. చిన్నప్పుడు మా నాయన వెంట అక్కడికి పోయి పచ్చి చెనిక్కాయలు పెరికి తిన్న రోజులున్నాయి. ఇప్పుడు ఆయన లేడు. ఓటరు కార్డు వదిలేస్తే, నా పేరు రాసి ఉన్న కాగితం ఆ ఇంట్లో ఆ చేను హక్కు కాగితం, పహణి, ఒక్కటే. ఆ చేన్లోనే మా ఆయన తన ఆట పెట్టాడు. అంగట్లోని బట్టల బుట్టలకు అడుగు కోయించి, కుక్క గొలుసులు వేలాడదీసి, ఇనుప గుంజలకు బిగించి తొమ్మిది చోట్ల పాతాడు. చేను చూసుకునే రైతుకు ఫోన్ చేసి, "ఈ యేడు బీడు పెట్టప్పా," అన్నాడు. చిక్కబళ్ళాపురం నుంచి ఇద్దరు స్నేహితులను పిలిచి, ఎన్నిసార్లయినా వచ్చి ఆడుకోండని మాటిచ్చాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, ఇంత అచ్చంగా చేసినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. నన్ను అడగలేదు. అడగలేదని నేనూ అడగలేదు, అది నా తప్పు.

ఇక నా బిళ్ళ సంగతి. మా మిద్దె మీద వడియాలు ఎండబెడితే కోతులు దిగుతాయి. ఒకరోజు చేతికి ఏదీ దొరక్క, మూల పడి ఉన్న బిళ్ళ ఒకటి విసిరాను. ఆయన మొట్టమొదట కొన్న చౌక డ్రైవరు, చితికిపోయిందని పారేసినది. అది ఎడమకు తిరిగి పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకుకు తగిలింది. కోతి కదల్లేదు, పక్కింటామె మాత్రం కదిలింది. ఆ తర్వాత రోజూ విసిరాను. గోడకు, ట్యాంకుకు, మెట్లకు తగిలి దాని అంచు ఎలుక కొరికినట్టయింది. ఏడాది తిరిగేసరికి అది అనుకున్నచోటికి పోసాగింది. కోతుల్లో లావుపాటిది ఒకటుంది, నేను చెయ్యెత్తితే చాలు అది గోడ దూకేది. నా చెయ్యి కుదిరిందని మురిసిపోయి ఆయనకు చెప్పాను.

"నీ చెయ్యి కాదులే. ఆ ప్లాస్టిక్ చచ్చింది, అందుకే నేరుగా పోతాండాది," అన్నాడు.

రెండో ఏడు ఆరుద్ర వానలు బాగా పడ్డాయి. చేను చూసుకునే రైతు ఫోన్ చేశాడు. "అమ్మా, పదునయింది. నాలుగు దినాలు పోతే నేల బిగుసుకుంటాది. ఈ యేడూ బీడేనంటే చెప్పేయండి, నేను వేరేవాళ్ళ చేను చూసుకుంటా." మర్యాదగానే అన్నాడు. రెండేళ్ళు కూర్చోబెట్టి తిండి పెట్టేదానికి ఆయనేమన్నా మా అల్లుడా? ఆయన పోతే ఆ గుండ్ల మధ్య సేద్యం చేయడానికి ఇంకొకరు రారు.

"గుంజలు పెరికించండి. చెనిక్కాయ వెయ్యాల," అన్నాను మా ఆయనతో.

"వచ్చే నెల పెరికిస్తాలే. ఈ ఆదివారం వాళ్ళు ఆటకు వస్తాండారు."

"వచ్చే నెలకు పదును ఉంటాదా?"

"వానలు పడతానే ఉంటాయిలేవే," అన్నాడు, వాన దేవుడు ఈయన చిన్ననాటి స్నేహితుడైనట్టు.

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నేను గొంతు పెంచాను. చేను నాదని, కాగితం నా పేరున ఉందని, అది కూడా మూత పడని డబ్బాలో ఉందని అన్నాను. మా అత్త చేతిలోని ఒత్తుల పళ్ళెం పక్కన పెట్టింది. "ఇద్దరూ గమ్మునుండండి. ఆదివారం నేనూ వస్తా. ఎవురి తట్ట చివరి బుట్టకు దగ్గరగా పడితే వాళ్ళ మాటే మాట. వానికి నాలుగు తట్టలుండాయి, నాలుగూ వెయ్యనీ. నీకు ఒకటే కదా, ఒకటే వెయ్యి."

మా ఆయన నవ్వాడు. గెలిచినట్టే నవ్వాడు. ఆ నవ్వు చూశాక రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం బాగేపల్లి దాటి మిట్టేమరి చేరేసరికి ఎండ ఎక్కింది. మా అత్త గొడుగు పట్టుకుని రాయి మీద కూర్చుంది. చిక్కబళ్ళాపురం స్నేహితులు ఇద్దరూ సాక్షులు. పెద్ద గుండు మీద నిలబడి, గట్టిగా కేకేస్తే వినపడేంత దూరంలో ఉన్న చివరి బుట్ట వైపు విసరాలి. మా ఆయన సంచిలోంచి గుడ్డలో చుట్టిన నాలుగు బిళ్ళలు తీశాడు. పెళ్ళిచూపులకు తయారైనట్టు మెరుస్తున్నాయి. స్నేహితుల్లో ఒకాయన, పాపం, మంచి మాటే చెప్పాడు. "రోజూ ఏసే చౌకది తీసుకోప్పా. నీ చెయ్యి దానికే అలవాటయింది."

"ఈ పొద్దు దాన్ని ఏసేదేంది? ఇంట్లో మంచివి పెట్టుకోని," అన్నాడు మా ఆయన.

మొదటిది గాల్లోకి లేచి, బుట్టను చూసి మొహం తిప్పుకున్నట్టు ఎడమకు తిరిగి జాలి కంపలో పడింది. ఒక్క రోజైనా రాయికి తగలని కొత్త బిళ్ళ అది, దానికి తన గుణం ఒక్కటే తెలుసు. రెండోది దాని పక్కనే పడింది. మూడోదాన్ని పళ్ళు బిగించి విసిరాడు, అది ఇంకా ముందే తిరిగింది. నాలుగోది కాస్త మేలు, గట్టు దగ్గర దిగింది. "గాలి ఉండాది," అన్నాడు. గొడుగు కదలకుండా కూర్చున్న మా అత్త, "ఆడలేక మద్దెల ఓడు," అంది.

నా వంతు వచ్చింది. ఇది ఎడమకో కుడికో పోతే రైతు పోతాడు, మా నాయన చెనిక్కాయ చేను ఊరికే బిళ్ళలు విసిరేవాళ్ళ మైదానమైపోతుంది. నా బిళ్ళ ఇంకా దెబ్బలు తిని ఈ మధ్య కుడికి ఒరుగుతోందని నాకు తెలుసు. అందుకని బుట్టకు ఎడమగా ఉన్న కానుగ చెట్టును చూశాను. ఆ చెట్టు కింద మా లావు కోతి కూర్చున్నట్టు అనుకున్నాను. విసిరాను. అది కానుగ చెట్టు మీదికే పోతూ పోతూ, మెల్లగా కుడికి ఒరిగి, బుట్టకు నాలుగు అడుగుల దూరంలో పడి ఆగింది.

మా ఆయన మొదలుపెట్టాడు, అరగంటసేపు ఆపలేదు. చౌక ప్లాస్టిక్ దెబ్బలు తిని తిని ఎలా మారుతుందో, తక్కువ వేగానికి అలాంటిదే ఎందుకు నేరుగా పోతుందో స్నేహితులిద్దరికీ వివరించాడు. "అది ఎవురు విసిరినా అట్లనే పోతాది," అన్నాడు. చెప్పిన సైన్సంతా నిజమే, కాదనను. కానీ గెలిచి కూడా నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాగా విసిరినావే అనే ఒక్క మాట ఆయన నోట రాలేదు.

ఇంటికొచ్చాక నా బిళ్ళను తడిగుడ్డతో తుడిచి, "ఇట్లాంటిది మళ్ళీ దొరకదు, బీరువాలో పెడతా," అన్నాడు.

"రేపు కోతులకు ఏం విసరాల?" అని లాక్కున్నాను. డబ్బాలోంచి నా పహణి తీసి బీరువా పై అరలో పెట్టాను. నాలుగు మెరిసే బిళ్ళలను డబ్బాలో వేశాను. మూత ఎప్పటిలాగే ఒక పక్క లేచింది. బీరువా తాళంచెవి నా నడుముకు దోపుకున్నాను.

సోమవారం గుంజలు పెరికించాము. బుధవారం రైతు నాగలి కట్టాడు, వెనక సాళ్ళలో గింజలు నేనూ వేశాను. మా ఆయన ఆట చిక్కబళ్ళాపురం పక్క ఒక బీడుకు మారింది. చక్కెర అదుపులోనే ఉంది.

దీపావళి దాటాక పంట వచ్చింది. మొదటి కాయలు ఉప్పేసి ఉడకబెట్టాను. మా అత్త డబ్బాలోంచి నాలుగు బిళ్ళలూ తీసి, కడిగి, వెల్లకిలా తిప్పి అందరి ముందూ పెట్టింది. మొదటిరోజే తట్ట అన్న మనిషి కదా. మా ఆయన మొహం మాడిపోయింది. పొగలు కక్కే కాయలు పోసినా అవి వంగలేదు. ఖరీదైన ప్లాస్టిక్ గొప్పదని ఆయన చెప్పింది నిజమేనని అప్పుడు ఒప్పుకున్నాను.

ఆయన ఒక కాయ ఒలిచి తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. "మన్ను మంచిది. అందుకే ఇంత రుచి," అన్నాడు.

ఆ రోజు ప్లాస్టిక్, ఈ రోజు మన్ను. నేను గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. మా అత్త నోట్లోని గింజ నమలడం పూర్తిచేసింది. ఇరవై రెండేళ్ళలో ఆమె కూడా నన్ను ఎన్నడూ ఒక మాట మెచ్చుకోలేదు.

"తట్ట విసిరిందీ అదే, గింజ ఏసిందీ అదే. నోరు మూసుకోని తినురా," అంది.

నేను గిన్నె ఎత్తి, ఇంకో నాలుగు చేరెళ్ళు ఆమె తట్టలో పోశాను.