పావురాల బురుజు

మొన్న మా ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్‌లో బాల్కనీలకు వలలు కట్టడానికి ఒకతను వచ్చాడు. పావురాల బెడద ఎక్కువైందని అసోసియేషన్ వాళ్ళు మీటింగు పెట్టి మరీ తీర్మానించారు. మా వంతు వచ్చేసరికి మా ఆయన చదువుతున్న పేపరు మడిచి, "మాకొద్దు బాబూ, మాకు అలవాటే" అన్నారు. రోజూ రెయిలింగు కడిగేది నేను, అలవాటేమో ఆయనకు. అయినా ఊరుకున్నాను. పావురాల విషయంలో ఆయన జోలికి వెళ్ళకూడదని చంపాపేట వదిలినప్పుడే నాకు తెలిసొచ్చింది.

చంపాపేటలో మేం అద్దెకున్న ఇంటి వెనకాల చిన్న గుట్ట, దాని మీద గుండ్రటి రాతి బురుజు ఉండేవి. ఎవరో జాగీర్దారు పావురాల కోసమే కట్టించాడట. సున్నమంతా రాలిపోయినా లోపలి గోడకు కింది నుంచి పైదాకా గూళ్ళే. తొంగిచూస్తే చల్లగాలి, రెట్టల వాసన, ఎడతెగని గురగుర. అక్కణ్ణుంచి ఒకవైపు ప్లాట్లుగా మారుతున్న అల్మాస్‌గూడ పొలాలు, మరోవైపు దిల్‌సుఖ్‌నగర్ దీపాలు కనిపించేవి. మా ఇంటి ఓనరు నల్గొండ పల్లె నుంచి వచ్చి, బతుకంతా లారీ నడిపి, ఆ గుట్ట కింద ఇల్లు కట్టుకున్న పెద్దాయన. బురుజు ఆయనది కాదు. అయినా పావురాలకు జొన్నలు వేసే పని తనదేనని నెత్తినేసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే మా ఆయన, సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా గుట్టెక్కేవారు. మాది కృష్ణా జిల్లా. ఇద్దరూ ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుంటూ చీకటిపడేదాకా కూర్చునేవారు. వాళ్ళకు టీ మోసుకెళ్ళేది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. గుట్ట మీది కబుర్లు వాదనలయ్యాయి. అయినా మర్నాటి సాయంత్రానికి ఇద్దరూ మళ్ళీ అక్కడే తేలేవారు. ఒకరోజు బంద్ వల్ల క్లాసులు లేక నడిచి వస్తున్న మా ఆయనకు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దీక్షా శిబిరం ముందు పెద్దాయన కనిపించాడు. మెడలో కండువాతో, పిడికిలెత్తి, ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని అందరితోపాటు అరుస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "వనస్థలిపురంలో ఇల్లు చూశాను, సర్దు" అన్నారు మా ఆయన. నిజానికి చూడలేదు. చూడడం మర్నాడు మొదలుపెట్టారు.

సంగతి తెలిసి పెద్దాయన గుమ్మం దాకా వచ్చాడు. "గది మందిల అన్న మాట సారూ. నిన్ను పొమ్మంటనా నేను?"

"నన్నని కాదు లెండి బాబాయిగారూ. కానీ ఆ మాటలో నేనూ ఉన్నాను కదా" అన్నారు మా ఆయన, పుస్తకాలు కట్టకడుతూ.

పెద్దాయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఇద్దరి మీదా జాలేసింది కూడా. ఈ జన్మలో ఇక మాట్లాడుకోరేమోనని భయపడ్డాను.

సామాను ఎక్కించిన రోజు పెద్దాయన ఒక బుట్ట తెచ్చి నా చేతికిచ్చాడు. అందులో పావురాల జంట, రెక్కల ఈకలు దారంతో కట్టి ఉన్నాయి. "జర పైలం బిడ్డా. పిల్లలు జేసేదాంక దారం ఇప్పకుండ్రి. గప్పుడే గా ఇల్లు వాటిదైతది. ముందుగల్ల ఇప్పితే సక్కగ బురుజుకే వస్తయ్."

వనస్థలిపురంలో చుట్టూ మా వైపు వాళ్ళే. అయినా సాయంత్రమయ్యేసరికి మా ఆయనకు కాలూ చేయీ ఆడేది కాదు. కొద్దిరోజులకే, "పాపం, మూగజీవాలు" అంటూ దారం విప్పేశారు. అవి చంపాపేట దారి పట్టాయి. "ఇచ్చినవాటిని పోగొట్టుకుంటే ఏం బావుంటుంది" అని చొక్కా తొడుక్కుని ఆటో ఎక్కారు. రాత్రి బుట్టతో తిరిగొచ్చి, చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం వడ్డించుకున్నారు. మరి కొన్నాళ్ళకు దారం తెగిందన్నారు. ఇంకోసారి గాలికి ఊడిందన్నారు. లెక్కల మాస్టారికి అబద్ధాలు అతకవు. నేను అడగనూ లేదు.

ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. పెద్దాయన బురుజు నీడలో కూర్చుని పావురం రెక్కకు దారం చుడుతున్నాడు. లారీ లోడుకు మోకులు బిగించి బతికిన చేతులు, అంత వదులుగా ముడి వేస్తున్నాయేమిటా అనుకున్నాను.

"బాబాయిగారూ, ఈ ముడి నిలుస్తుందా?"

ఆయన తలెత్తలేదు. "నిలిస్తే సారు ఎట్లొస్తడు బిడ్డా?"

మా ఆయన వినబడనట్టు దిల్‌సుఖ్‌నగర్ వైపు చూస్తూ, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ జంట ఏనాడూ మా ఇంట్లో గుడ్లు పెట్టలేదు. కొన్నేళ్ళకు పెద్దాయన పోయాడు. గుట్ట చుట్టూ మేడలు లేచి, ఇప్పుడు బురుజు రోడ్డు మీదికి కనిపించదు. వలలతను వెళ్ళిపోయాక మా ఆయన వంటింట్లోంచి గుప్పెడు జొన్నలు తెచ్చి బాల్కనీలో చల్లారు. నేను చూడనట్టు ఊరుకున్నాను. కాలం మనుషుల్ని తీసుకుపోయింది గానీ, ఆ సాయంత్రాలు మాత్రం ఏదో ఒక వంక పెట్టుకుని ఇప్పటికీ మా ఇంటికి వచ్చిపోతూనే ఉన్నాయి.