వెలుతురు మొహం మీద పడాలి

మూడో తరగతి గదిలో ముప్పై ఆరుగురు పిల్లలు. వాళ్లకి పాఠం చెప్పే ఆవిడని బడంతా చిన్న టీచరమ్మ అంటుంది. మనిషి పొట్టి. బోర్డు మీద పైవరస రాయాలంటే మునివేళ్ల మీద లేవాలి. చేరి పదిహేనేళ్లయినా ఆ పేరు పోలేదు, పోగొట్టుకోవాలని ఆవిడకీ లేదు. రోజూ గది తాళం తీసేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "స్వామీ, ఈ పూట ఏ ఒక్కరినీ నేను మర్చిపోకుండా చూడు" అని మనసులో అనుకుంటుంది. అంతకుమించి ఆవిడ దేవుణ్ణి అడిగేది ఏమీ లేదు.

ఆ ఏడాది ఆ గదిలోకి పిచ్చుక వచ్చింది. హాజరుపట్టీలో వేరే పేరుంది గానీ, ఎవరైనా మాట్లాడుతుంటే తల పక్కకి వాల్చి చూస్తుందని పిల్లలు పెట్టుకున్న పేరది. ఎనిమిదేళ్ల పిల్ల. పుట్టుకతోనే చెవులు సరిగ్గా వినపడవు. చెవికి ఒక మిషను ఉంది. ఇంట్లో ఒక్కరే మాట్లాడుతుంటే అది కొంత సాయపడుతుంది, ముప్పై ఆరుగురున్న గదిలో వట్టి రొద. అందుకని ఆ పిల్ల పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటుంది.

టీచరమ్మ తనకి తోచినదంతా చేసింది. తన బల్లకి సరిగ్గా ఎదురుగా, మొదటి బెంచీలో కూచోబెట్టింది. నిదానంగా, గట్టిగా చెప్పింది. పాఠం అయ్యాక వంగి మరీ "అర్థమైందా తల్లీ?" అని అడిగేది. పిచ్చుక ముచ్చటగా తలూపేది. టీచరమ్మ మనసు కుదుటపడేది.

మూడు నెలల పరీక్షలో ఆ తలూపుడు బండారం బయటపడింది. పిచ్చుక తన పేరు గుండ్రంగా రాసి, మిగతా కాగితమంతా తెల్లగా వదిలేసింది.

హెడ్మాస్టరుగారు టీచరమ్మని గదికి పిలిపించారు. ఆయన చెడ్డ మనిషి కాదు. వినపడని పిల్లల కోసం పొరుగూళ్లో ఒక బడి ఉందనీ, అక్కడే ఉండి చదువుకోవచ్చనీ, ఉత్తరం సిద్ధం చేశాననీ చెప్పారు. మీరు మంచివారే గానీ ఆ పిల్ల మీ ఎదురుగా కూచుని కాలక్షేపం చేస్తోందన్నారు. ఆ మాట ఆవిడకి చురుక్కుమంది. పది రోజులు గడువడిగింది. పదో రోజున తానే వచ్చి క్లాసులో కూచుంటాననీ, పాఠం పిల్లకి అందుతోందనిపిస్తే సరే, లేదంటే ఆ సాయంత్రమే ఉత్తరం వెళ్లిపోతుందనీ ఆయన తేల్చేశారు.

పిచ్చుక తల్లి బట్టలు కుడుతుంది. ఇరుకు కొట్టు, ఒక కుట్టు మిషను, గుమ్మంలో ఎండ. టీచరమ్మ వెళ్లేసరికి ఆమె వాకిట్లో ఎవరికో కొలతలు తీస్తోంది. లోపల పిచ్చుక గుండీలు ఏరుతోంది. కూతురితో ఏదో చెప్పాల్సి వచ్చింది. గుమ్మంలోంచే చెప్పొచ్చు, నాలుగడుగుల దూరం. కానీ ఆమె టేపు మెడలో వేసుకుని, లోపలికి వచ్చి, పిల్లని దాటి అవతలికి వెళ్లి, వెలుతురుకి ఎదురుగా తిరిగి అప్పుడు చెప్పింది. కాసేపట్లో మళ్లీ అలాగే చేసింది.

"అంత చుట్టూ తిరిగి చెప్తావేంటమ్మా?" అని టీచరమ్మ అడిగింది.

ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. ఎప్పుడూ ఎవరూ అడగలేదు కాబోలు. "ఏమోనండీ, అలవాటైపోయింది. గుమ్మంలో నిలబడి చెప్తే దానికి వినపడదు."

చెప్పడానికి వెళ్లిన కబురు టీచరమ్మ చెప్పలేకపోయింది.

మర్నాడు ఆవిడ అందరికన్నా ముందు బడికి వెళ్లింది. గది ఊడుస్తున్న ఆయమ్మని తన బల్ల దగ్గర నిలబెట్టి, తాను మోకాళ్లు ముడుచుకుని పిచ్చుక బెంచీలో కూచుంది. బల్ల వెనక రెండు పెద్ద కిటికీలు, వాటినిండా పొద్దుటి ఎండ. ఆ ఎండ ముందు ఆయమ్మ మొహం మాడిన గిన్నె అడుగులా నల్లగా ఉంది. నోరెక్కడో, ముక్కెక్కడో తెలియడం లేదు.

"నేనెలా ఉన్నానమ్మా అక్కణ్ణుంచి?" అంది ఆయమ్మ.

"లేవు ఆయమ్మా. అసలు నువ్వే లేవు."

మూడు నెలలు. ఆ చిట్టితల్లి ఒక నల్లటి నీడని చూస్తూ కూచుంది. అడిగినప్పుడల్లా టీచరమ్మ చిన్నబుచ్చుకోకూడదని తలూపింది. టీచరమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, ఏడుస్తూ కూచునే తీరిక లేదు, తొమ్మిది రోజులే ఉన్నాయి. ఇద్దరూ కొంగులు బిగించి, బెంచీలన్నీ ఈడ్చి కిటికీలకి వీపు పెట్టేలా అర్ధచంద్రంలా వేశారు. బల్లా, బోర్డూ అవతలి గోడకి జరిగాయి.

ఆ రోజు నుంచి గదికి కొత్త పద్ధతులొచ్చాయి. బోర్డు వైపు తిరిగి టీచరమ్మ నోరు విప్పదు. రాయడం అయ్యాక ఇటు తిరిగి చెప్తుంది. మాట్లాడే పిల్లలు ముందు చెయ్యెత్తాలి, పిచ్చుక అటు చూశాక మాట్లాడాలి. ఒక్కచోట కూచోలేక రోజూ తిట్లు తినే సుడిగాలి అనే పిల్లకి, ఎవరు మాట్లాడుతున్నారో లేచి చూపించే పని అప్పగించింది. దానికి కదలడమే పనైంది, తిట్లు తప్పాయి. ఇంట్లోనూ ఆవిడ మొగుడికి ఎదురుగా నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. బస్సు కండక్టరైన ఆ మహానుభావుడు, పెళ్లైన పద్దెనిమిదేళ్లకి నా మొహం నీకు నచ్చిందన్నమాట అని మురిసిపోయాడు.

అన్నిటికన్నా కష్టమైన పద్ధతి వేరు. "అర్థమైందా" అనే మాట ఆ గదిలో మానేసింది. బదులుగా ప్రతి ఒక్కరూ అర్థం కానిది ఒకటి చెప్పాలి. రెండు రోజులు ఎవరూ నోరెత్తలేదు. మూడో రోజు టీచరమ్మే, తన చిన్నప్పుడు భాగహారం బుర్రకెక్కక బల్ల కింద దాక్కున్న సంగతి చెప్పింది. పిల్లలు పడీపడీ నవ్వారు. చివర కూచునే మందబుద్ధి అని పేరుపడ్డ పిల్లాడు అప్పుడు చెయ్యెత్తి, నాకు తీసివేతే రాదు టీచర్ అన్నాడు. అక్కణ్ణుంచి కట్ట తెగింది. పిచ్చుక లెక్కలు చేస్తోంది, బోర్డు మీదవి రాస్తోంది. నోరు మాత్రం విప్పడం లేదు. తొమ్మిదో రోజు కూడా తలే ఊపింది.

పదో రోజు హెడ్మాస్టరుగారు వచ్చి వెనక బెంచీలో ఇరుక్కుని కూచున్నారు. తడిబట్ట ఆరడం గురించి పాఠం. అయ్యాక ఆయన ముందుకొచ్చి, పిచ్చుకని తానే అడిగారు. బట్ట ఆరితే నీళ్లెక్కడికి పోతాయని.

పిచ్చుక తల పక్కకి వాల్చి చూసింది. ఊపబోయింది. తల సగం దిగి ఆగిపోయింది. టీచరమ్మ రెండు చేతులూ కొంగులో బిగపట్టుకుంది.

పిచ్చుక లేచి నిలబడింది. "అర్థం కాలేదు సార్. మీసం అడ్డమొచ్చింది."

గది గొల్లున నవ్వింది. హెడ్మాస్టరుగారి మొహం కందగడ్డైంది. "విన్నారుగా టీచరమ్మా, అర్థం కాలేదంటోంది."

"విన్నాను సార్. ఈ మూడు నెలల్లో ఆ మాటనడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ అర్థమైందనే అంది, మనం నమ్మేశాం. ఇంకొక్కసారి అడగండి సార్."

ఆయన రెండు వేళ్లతో మీసం పైకెత్తి పట్టుకుని మళ్లీ అడిగారు. పెద్దమనిషితనం అంటే అదేననిపించింది టీచరమ్మకి.

"గాల్లోకి పోతాయి సార్," అంది పిచ్చుక. "మా అమ్మ తడి బట్ట మీద ఇస్త్రీ పెడితే పొగలాగా లేస్తాయి. ఊరికే ఆరేస్తే కనపడకుండా పోతాయి."

ఇస్త్రీ సంగతి పాఠంలో లేదు.

గంట కొట్టాక టీచరమ్మని తన గదికి పిలిచి, ఉత్తరాన్ని ఏడాది చివరిదాకా సొరుగులో ఉంచుదామన్నారు హెడ్మాస్టరుగారు. ఆవిడ కదల్లేదు. సొరుగులో ఉన్న ఉత్తరం ఎప్పుడో ఎవరి చేతో పడి బయల్దేరిపోతుంది సార్, అడ్డంగా కొట్టేసి పిల్ల ఇక్కడే చదువుతుందని రాయండి అంది.

"రేపు చదువు రాకపోతే పూచీ ఎవరిది?"

"నాదే సార్. కింద నేనూ సంతకం పెడతాను."

ఆయన ఆ పొట్టి మనిషి వంక చూసి, కలం తీసి, ఉత్తరాన్ని అడ్డంగా కొట్టేసి ఆవిడ చెప్పినట్టే రాశారు. ఆవిడ తన పేరు పూర్తిగా, పొల్లు కూడా వదలకుండా రాసి, ఆయనకి దణ్ణం పెట్టి క్లాసుకి వచ్చేసింది. లెక్కల పీరియడు అప్పటికే మొదలైపోయింది. తీసివేత రాని పిల్లాడు చెయ్యెత్తుకుని ఎదురుచూస్తున్నాడు.