ఎస్తేరు ఆంటీ నేర్పిన అమర్యాద

ఈ ఉదయం మా అమ్మాయి ద్రాక్షరసం సీసా మూత తీసింది. ఆ తీపి వాసన తగలగానే అమెరికాలో, ప్లేనో ఊళ్ళో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు కళ్ళముందుకొచ్చాయి. ఫ్లిప్ ఫోన్ల కాలం అది. ఒక అమెరికన్ చర్చివాళ్ళు మధ్యాహ్నం వాళ్ళ ఆరాధన అయ్యాక మాకు హాలు అద్దెకిచ్చేవారు. అక్కడ రెండో వరసలో, నేతచీర కొంగు తలమీద కప్పుకుని ఎస్తేరు ఆంటీ కూర్చునేది. ఆవిడ పక్కన నేను.

నేనప్పుడు ఎఫ్-వన్ వీసా మీద మాస్టర్స్ చదువుతున్నాను. కారు లేదు. నరసాపురం నుంచి వచ్చిన ఆంటీ ఒక ల్యాబ్‌లో పనిచేస్తూ ఒంటరిగా ఉండేది. ప్రతి ఆదివారం నన్ను తన కార్లో తీసుకెళ్ళేది. ఇరవై ఏళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. వేలు గుచ్చుకుని షుగర్ చూసుకోనిదే కారు స్టార్ట్ చేసేది కాదు. ఒకరోజు అలా చూసుకుంటూ నాతో చెప్పింది. "ఇదివరకు షుగర్ పడిపోతే చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. ఇప్పుడు నాకేం తెలియట్లేదమ్మా. చెప్పిందే చెప్తున్నానంటే అదే గుర్తు. బ్యాగ్‌లో జ్యూస్ ఉంటుంది, తాగించెయ్. వద్దంటాను, వినకు." నేను బుద్ధిగా తలూపాను.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే క్రీస్తుని తలుచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. అది పుచ్చుకునేదాకా ఏమీ తినకూడదని ఆవిడకి చిన్ననాటి నియమం. డాక్టరు చెప్పినా, పాస్టరుగారు చెప్పినా చెవిన పెట్టేది కాదు. ఒక మొదటి ఆదివారం ప్రసంగం చాలాసేపు సాగింది. తర్వాత ఆంటీని ప్రార్థన చేయమన్నారు. ఉద్యోగం పోయినవాళ్ళనీ, హెచ్-వన్ వీసా కోసం చూస్తున్నవాళ్ళనీ పేరుపేరునా తలిచేది కాబట్టి ఆవిడ ప్రార్థనంటే అందరికీ ఇష్టం. ఆ రోజు ఒకే పేరు మూడుసార్లు తలిచింది. మూడుసార్లూ హాలంతా ఆమెన్ అంది. ఎంత భారంతో ప్రార్థిస్తోందో అని వెనక ఎవరో కళ్ళు తుడుచుకున్నారు కూడా. నాకు మాత్రం సంగతి అర్థమైంది. బ్యాగ్ నా కాళ్ళ దగ్గరే ఉంది. కానీ పెద్దావిడని, అందులోనూ ప్రార్థన మధ్యలో, చెయ్యి పట్టుకుని ఎలా ఆపను? ఆమెన్ అనేదాకా ఆగుదామనుకున్నాను. అనకుండానే కుర్చీలో కూలబడిపోయింది. అంబులెన్స్‌ని పిలిచారు.

ఆస్పత్రిలో తేరుకున్నాక, నేను ఏడుస్తుంటే ఓదార్చలేదు. నీకు తెలిసిందా లేదా అని అడిగింది. తెలిసిందన్నాను.

"మరి?"

"మీరు ప్రార్థనలో ఉన్నారు కదా ఆంటీ."

"నీ మర్యాదతో నన్ను చంపేద్దువు."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పటినుంచి ఆవిడ సణుక్కుంటూనే రెండు ఇడ్లీలు తిని చర్చికి బయల్దేరేది. కొన్నాళ్ళు కారు నడపొద్దని డాక్టరు చెప్పడంతో నేను లైసెన్స్ తెచ్చుకుని ఆ కారే నడిపాను. పక్కన కూర్చుని ప్రతి మలుపులోనూ నాకు వంకలు పెట్టేది.

కొన్ని నెలలకి మరో మొదటి ఆదివారం. బల్ల మీద చిన్న చిన్న కప్పుల్లో ద్రాక్షరసం పోసి ఉంచారు, ఇంకా ప్రార్థన కాలేదు, అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. ఆంటీ పాటల పుస్తకంలో ఒకే పేజీ ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. కదిపితే "బానే ఉన్నాను, కూర్చో" అంది. బ్యాగ్ కార్లో ఉండిపోయింది. నేను లేచి వెళ్ళి ఆ కప్పుల పళ్ళెం తీసుకొచ్చేశాను. ఇంకా ప్రార్థన కాలేదమ్మా అని ఒక సంఘపెద్ద అడ్డం చెప్పారు. ఆంటీ నా చెయ్యి తోసేసి, ఎన్నడూ అనని మాట అంది. నేను వినలేదు. ఒక్కో కప్పే నోటికి అందించాను. సగం పళ్ళెం ఖాళీ అయింది. పావుగంటకి తేరుకుని పళ్ళెం వంకా నా వంకా చూసింది. ఆ పెద్దాయన మళ్ళీ ఏదో అనబోయారు. "ఆ పిల్లనేమీ అనకండి అన్నయ్యగారూ. నేను చెప్పిన పనే చేసింది" అంది. పాస్టరుగారు కప్పులు మళ్ళీ నింపమన్నారు.

నేను ఉద్యోగానికి వేరే రాష్ట్రంలో ఆష్‌బర్న్ వెళ్ళిపోయాక రోజూ పొద్దున ఫోన్ చేసేదాన్ని. ఒకసారి ఎవరిదో పెళ్ళి సంగతి రెండుసార్లు చెప్పింది. షుగర్ చూసుకోమంటే బానే ఉన్నానంది. నేను ఊరుకోలేక ఆంటీ పక్కింటావిడకి ఫోన్ చేసి పంపించాను. తీరా చూస్తే షుగర్ సరిగ్గానే ఉంది. నేను ల్యాప్‌టాప్ చూసుకుంటూ, వినకుండానే ఊ కొడుతున్నానని ఆ పెళ్ళి సంగతి మళ్ళీ చెప్పిందట. తన పరువు తీశానని పది నిమిషాలు తిట్టింది. చివర్లో మాత్రం, "మళ్ళీ అనుమానమొస్తే మళ్ళీ పంపించు" అంది.

ఆంటీ గుండెజబ్బుతో పోయి చాలా ఏళ్ళయింది. ఎంత తిట్టినా సరే, ఆ గొంతు ఇంకోసారి వినాలనిపిస్తుంది. పెద్దవాళ్ళ మాటకి అడ్డం వెళ్ళడం నాకిప్పటికీ కష్టమే. అయినా మా అత్తగారు ఒంట్లో బాగానే ఉందంటే ఒక్కసారికి నమ్మను. ముఖంలోకి చూసి మళ్ళీ అడుగుతాను. ఆవిడకి కోపం వస్తుంది. రానివ్వండి. కోప్పడటానికి మనిషి ఎదురుగా ఉంది కదా, నాకది చాలు.