ముప్పై సెంట్లకు ఒకే వేలిముద్ర

పదేళ్ల కిందట, తోతాపురి కాయలు లారీలకెక్కే రోజుల్లో, పూతలపట్టు దగ్గర ఒక పల్లెకు నన్ను కొలతకు పంపారు. అప్పటికి నేను మండల సర్వేయరును. చైన్‌మన్‌గా, అంటే కొలత గొలుసు లాగే మనిషిగా శాఖలో చేరి, భూమిని త్రికోణాలుగా విడగొట్టి విస్తీర్ణం కట్టే లెక్కలు సొంతంగా నేర్చుకుని ఆ కుర్చీకి వచ్చినవాణ్ణి. మోకాళ్లు సహకరించక ముందుగానే పదవీ విరమణ చేశాను. ఎన్నో కొలతలు మరిచిపోయాను గానీ ఆ పల్లె కొలత మరవలేదు.

పని చిన్నదే. ఆ ఊరి క్రైస్తవులు సమాధుల స్థలం కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఊరికి పడమర, మెరకలో ముప్పై సెంట్ల అనాధీనం ఉంది. అనాధీనం అంటే ఎవరికీ పట్టా ఇవ్వని సర్కారు భూమి. దాన్ని విడిగా కొలిచి, పటం గీసి, హద్దురాళ్లు పాతించి తహసీల్దారుకు నివేదిక ఇవ్వాలి. అప్పటిదాకా వాళ్లు వంక ఒడ్డున పూడ్చుకునేవారు. యోహాను అనే ముసలాయన భార్య సమాధి ఒక వానాకాలంలో వంక కోతకు కొట్టుకుపోయింది. తననైనా కదలని చోట పూడ్చాలన్నదే ఆయన కోరిక. అందరి తరఫునా అర్జీ ఆయన పేరు మీదే పెట్టారు.

అంతకు ముందు ఆదివారం, పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలని తిరుగుతున్న నాయకుడొకాయన ప్రార్థన మందిరానికి వచ్చాడట. ఓట్లు తనకేనని మైకులో చెప్పిస్తే ఆ స్థలం ఇట్టే ఇప్పిస్తానన్నాడట. పాస్టరు దావీదు ఆయన కోసం ప్రార్థన చేశాడు గానీ మైకు ఇవ్వలేదు. గొలుసు వెంట నడుస్తూ ఈ సంగతంతా నాతో చెప్పి, "నాయకుడు ఇచ్చింది నాయకుడే లాక్కుంటాడు సార్. హక్కుగా వస్తే నిలస్తాది" అన్నాడు. నేనూ విశ్వాసినే. ఆ మాట సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

కొలత తేలిగ్గా అయింది. నాలుగు మూలలా రాళ్లు పాతాం. మిగిలింది పంచనామా. స్థలం అవసరమైనవాళ్లు, తాము ఆ ఊరి క్రైస్తవులమని అందరి ముందు సంతకమో వేలిముద్రో పెట్టాలి. రేషన్ కొట్టు అరుగు మీద కూర్చుని వీఆర్వో ఆ వాక్యాన్ని గట్టిగా చదివాడు. ముందుకు వస్తున్న జనం ఆగిపోయారు.

కారణం నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పల్లెలో చాలామందికి రెండు పేర్లు. మందిరంలో ఒకటి, కాగితాల్లో ఒకటి. కాగితాల్లో వాళ్లు షెడ్యూల్డు కులాల హిందువులు. క్రైస్తవులమని రాసిస్తే చట్టం ప్రకారం ఆ హోదా పోయి, ఒక్క శాతమే రిజర్వేషన్ ఉన్న బీసీ-సి కిందికి వస్తారు. మా నాయన అలా రాయించినవాడే. నేను గొలుసు లాగడంతో మొదలుపెట్టడంలో ఆ రాతకూ వాటా ఉంది.

యోహాను ముందుగా వేలిముద్ర వేసి వెనక్కి తిరిగాడు. "ఆదివారం గొంతులు సించుకోని పాడతారు గదప్పా! ఈ పొద్దు యాడికి పాయె ఆ గొంతులు?"

మామిడి తోటల్లో కూలికి పోయే శాంతమ్మ ఊరుకోలేదు. "నీకేం తాతా, పొయ్యేవోడివి. మేం ఉండేవోళ్లం. నా బిడ్డ తిరపతిలో ఇంజినీరింగు సదవతా ఉండాడు. ఫీజు సర్కారు కడతా ఉండాది. నేనీడ ఏలు పెడితే వాడు ఆడ మూట సర్దుకోవల్ల."

"అయితే దేవుని కాడ ఏ పేరు సెప్తావు మే?"

"ఆయనకు రెండూ తెలుసులే. సర్కారుకే ఒకటి సాలు."

నలుగురూ నవ్వారు. ఆమె నవ్వలేదు. తాను సంతకం పెడతానని పాస్టరు అన్నాడు. ఆయనది నాయుడుపేట వైపు, ఈ ఊరివాడు కాదని వీఆర్వో ఒప్పుకోలేదు. నమ్మకాన్ని దాచుకోవద్దని వారం వారం చెప్పే ఆ మనిషి ఆ రోజు ఎవరినీ పెట్టమని అడగలేదు. యోహాను ఇంకు అంటిన వేలును పంచెకు తుడుచుకుంటూ, ఇంకెవరైనా లేస్తారేమోనని చాలాసేపు కూర్చున్నాడు.

నివేదికలో నేను రాయగలిగింది రాశాను. స్థలం అనుకూలం, అభ్యంతరాలు లేవు, కోరినవారు ఒకరు. ఒక్కరి కోసం శ్మశానం కేటాయించరు. అర్జీ మూసేశారు. నాయకుడి దారిన పోయి ఉంటే ఎవరి వేలిముద్రా అడిగేవాళ్లు కారు. ఆయన దయ ఉన్నంత కాలం స్థలమూ వాళ్ల దగ్గర ఉండేది.

మరుసటి వానాకాలంలో యోహాను పోయాడు. వంక ఒడ్డునే, కాస్త పైకి జరిపి పూడ్చామని పాస్టరు ఫోన్లో చెప్పాడు.

ఆ తర్వాత అలాంటి అర్జీ ఏది వచ్చినా, గొలుసు దించకముందే పంచనామా వాక్యం చదివి వినిపించేవాణ్ణి. రాళ్లు పాతేసరికి జనం ఆశ పెట్టుకుని ఉంటారు. మత స్వేచ్ఛ గురించి మా సంఘాల్లో చాలా ప్రసంగాలు విన్నాను. అది అందరికీ సమానంగా రాసి ఉంది గానీ, దాన్ని అడిగినందుకు పోగొట్టుకునేది ఇంటింటికీ వేరు. పోగొట్టుకోలేక ఆగిపోయినవాళ్లకు విశ్వాసం తక్కువని నేను అనను.