చిన్నాన్న కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి

మొన్న అరకులో మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు, వాడి డిగ్రీ చదివే మనవరాలు ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్న ఎలక్ట్రిక్ గిటారును అట్టపెట్టెలోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. ఖరీదైనదేమీ కాదు, నేర్చుకునే పిల్లలు కొనుక్కోగలిగినదే. మెడ దగ్గర, చెయ్యి కిందిదాకా జారడానికి వీలుగా, ఒక్క పక్కనే గుండ్రంగా కోత కోసిన రకం. రాక్, బ్లూస్ వాయించడానికి ఇది బాగుంటుందని ఎవరో వీడియోలో చెప్పారట.

"మామ్మా, నచ్చకపోతే తిరిగి పంపీయొచ్చు. ఉంచుకోమంటావా, వద్దంటావా? నువ్వే సూసి సెప్పు," అంది.

నేను నర్సుగా పనిచేసి రిటైరైన మనిషిని. అయినా ఆ గిటారు ఒళ్ళోకి రాగానే నా ఎడమచేతి వేళ్ళు వాటంతటవే తీగల మీద కుదురుకున్నాయి. కుడిచెయ్యి మాత్రం ఏం చెయ్యాలో తెలియక మోకాలి మీద అలాగే ఉండిపోయింది. ఎందుకలా అని ఆ పిల్ల అడిగింది. దానికి రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను గానీ, నా ఈడు వాళ్ళకు పూర్తిగా చెప్పుకోవాలనిపిస్తోంది.

మా నాన్నగారు సీలేరు జలవిద్యుత్ ప్రాజెక్టులో గుమాస్తా. అక్కడే ఫిట్టరుగా ఉన్న చిన్నాన్న, పెళ్ళి కాకపోవడంతో, మా క్వార్టర్లోనే ఉండేవాడు. చుట్టూ కొండల మీది ఊళ్ళలో ఇంకా కిరోసిన్ బుడ్లు వెలుగుతున్న ఆ కాలంలో కాలనీలో మాత్రం కరెంటుకు కొదవ లేదు. అందుకేనేమో, విశాఖలో ఓ ఓడ కళాసీ దగ్గర చిన్నాన్న కొనుక్కొచ్చిన పాత ఎలక్ట్రిక్ గిటారు, స్పీకరు పెట్టెకు తగిలిస్తే, మా వసారాలో అంత ధీమాగా మోగేది. దానికీ ఇలాగే ఒక్క పక్కనే కోత ఉండేది. కళాసీ గిటారుతో పాటు ఇచ్చిన కేసెట్లు అరిగిపోయేదాకా విని, చిన్నాన్న సొంతంగా నేర్చుకున్నాడు. బ్లూస్ అంటే దూరదేశంలో కష్టం చేసుకుని బతికిన వాళ్ళ పాటలని, వాటిలో తీగను పక్కకు లాగితే అది మనిషిలాగే మూలుగుతుందని చెప్పేవాడు. నాకు తీగలు ఎక్కడెక్కడ నొక్కాలో నేర్పాడు. వేళ్ళు కాయలు కాస్తే పెళ్ళిచూపుల్లో ఏం చెప్పుకోవాలని అమ్మ సణుగుతుండేది.

నేను ఇంటర్ చదువుతుండగా, ఇంటి దగ్గర ఇంజను ఆపకుండా మోటారు సైకిలు గొలుసు తుడుస్తుంటే చిన్నాన్న ఎడమచేతి రెండు వేళ్ళు పళ్ళచక్రంలో పడి నలిగిపోయాయి. గాయం మానింది గానీ ఆ వేళ్ళు మళ్ళీ వంగలేదు. గిటారును మేకుకు తగిలించేశాడు. అన్నం పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు, అంతే. ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీసే మనిషి అలా అయిపోతే, ఇల్లంతా గొంతు తగ్గించి మాట్లాడుకునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక నేనే గిటారు దించి, తీగలు నొక్కి కుడిచేత్తో మీటబోయాను. రేకు మీద గులకరాళ్ళు పోసినట్టు వచ్చింది చప్పుడు. చిన్నాన్న గదిలోంచి వచ్చి కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తరవాత నా కుడిపక్కన కూర్చుని, నా చెయ్యి తీసేసి తన చెయ్యి తీగల మీద పెట్టాడు.

"నువ్వు నొక్కు గుంటా. మీటడం నాకొగ్గీ," అన్నాడు.

మొదట్లో ఇద్దరి చేతులూ కలవక నవ్వులాటగానే ఉండేది. వర్షాలు వెలిసేనాటికి, ఆయన ఊపిరి పీల్చే తీరును బట్టి తరవాత ఏం రాబోతుందో నాకు తెలిసిపోయేది. కాలనీ వార్షికోత్సవానికి పార్వతీపురం నుంచి వేరే గిటారిస్టును పిలిపిద్దామని, ఏటా చిన్నాన్నతో వాయించిన ఆర్కెస్ట్రా వాళ్ళు అనుకుంటుంటే, మేమిద్దరం వాయిస్తామని చిన్నాన్న వెళ్ళి చెప్పొచ్చాడు. ఆడపిల్ల స్టేజీ ఎక్కితే నలుగురూ నవ్వుతారని అమ్మ అడ్డుపడింది.

"నవ్వితే నవ్వనీ వదినా. నన్ను సూసి జాలిపడ్డం కన్నా అదే నయం గదేటి," అన్నాడాయన.

వార్షికోత్సవం నాడు ఒక గిటారు మీద రెండు ఒళ్ళు వంగి కూర్చోవడం చూసి జనం నవ్వారు కూడా. కొండల మీంచి దిగి వచ్చి వెనక నేల మీద కూర్చున్నవాళ్ళు మాత్రం నవ్వలేదు. నిదానంగా సాగే బ్లూస్ ఒకటి మొదలుపెట్టాం. నేను తీగ లాగినప్పుడల్లా చిన్నాన్న మీటే చెయ్యి ఒక్క క్షణం ఆగేది, ఆ మూలుగు పూర్తిగా వినపడనిచ్చేది. మైదానం సద్దుమణిగింది. ఆయన మొహంలో మళ్ళీ పాత మనిషిని చూశాను.

ఆ మరుసటి ఏడు విశాఖలో నాకు నర్సింగు సీటు వచ్చింది. నేను వెళితే ఆయన వాయించేదెలా అని తటపటాయిస్తుంటే, ట్రంకుపెట్టె తనే బస్సు మీదికెక్కించి, "బేగి ఎక్కు. ఆ సేతులు నా ఒక్కడికేనేటి?" అన్నాడు. సెలవులకు తిరిగొచ్చేసరికి గోడ మీద మేకు మాత్రమే ఉంది. గిటారును గూడెం కొత్తవీధిలో చర్చి ప్రార్థనల్లో వాయించే వాళ్ళకు ఇచ్చేశానని, వాయించేవాళ్ళ చేతుల్లోనే ఉండాలని తేలిగ్గా చెప్పాడు. నాకు ఉద్యోగం వచ్చిన కొన్నాళ్ళకే జ్వరంతో పోయాడు. మరెవరి పక్కనా కూర్చుని నేను తీగ నొక్కలేదు.

ఇక మనవరాలి గిటారు సంగతి. మెడ వంకర లేకుండా ఉంది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల, అదే ఫ్రెట్ల, చివర్లు చేతికి గీరుకుంటున్నాయి, ఆకురాయితో రుద్దించుకోవాలి. తీగను లాగి వదిలితే శ్రుతి కాస్త దిగుతోంది. మెడ కొసన తీగలు ఆనే గాడుల్లో పెన్సిలు ముక్కు రాస్తే సర్దుకుంటుంది. భుజానికి బరువే. సౌండు పెంచే అగ్గిపెట్టంత పరికరం దానికి తగిలించి, హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టి ఆ పిల్ల మీటితే, నాదం మాత్రం చిక్కగా, కొంచెం బొంగురుగా, బ్లూస్‌కు తగినట్టే ఉంది. ఉంచుకోమన్నాను.

వెంటనే మనవరాలు ఆ హెడ్‌ఫోన్లు తన చెవులకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాయించడం మొదలుపెట్టింది. మా కాలం వాళ్ళు ఏళ్ళ తరబడి కిందామీదా పడి నేర్చుకున్నది ఈ పిల్లలకు ఎంత తొందరగా పట్టుబడుతోందో, దాని వేళ్ళ కదలిక చూస్తే ముచ్చటేసింది. ఒకప్పుడు మా వసారాలో తీగ మోగితే నాలుగు వరసల అవతలి క్వార్టర్ల వాళ్ళకూ వినబడేది. సౌండు తగ్గించమని కసిరేవాళ్ళూ, ఇంకోసారి వాయించమని అరుగు మీదికి వచ్చి కూర్చునేవాళ్ళూ ఉండేవారు. ఇప్పుడు ఎవరి పాట వాళ్ళ చెవుల్లోనే. మూరెడు దూరంలో కూర్చున్న నాకు, గోరు తగిలి తీగలు గీసుకుంటున్న పలచని చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అయినా ఆ పిల్ల కళ్ళు తెరిచేదాకా అక్కడే కూర్చున్నాను.