అరటితోట గట్టు మీద చెప్పులు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో లింగాల మండలంలోని ఒక సుగాలి తాండాకు నన్ను పోషకాహార కార్యకర్తగా వేశారు. కాంట్రాక్టు ఉద్యోగం. నెలకోసారి పిల్లలను తూచడం, జబ్బకు రంగుల పట్టీ చుట్టి చూడడం నా పని. పట్టీ ఎరుపు చూపితే బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు.

లక్ష్మీబాయి కూతురు అనితకు రెండున్నరేళ్లు. పట్టీ పసుపులోంచి ఎరుపు వైపు జరుగుతోంది. ఎందుకో నాకు అంతుపట్టలేదు. వేరుశనగకు వానల కోసం ఎదురుచూసిన రోజులకన్నా ఇప్పుడా ఇంట్లో తిండి మెరుగు. డ్రిప్పుతో అరటితోటలు వచ్చాక ఏడాది పొడవునా కూలి దొరుకుతోంది. మూడేళ్లు నిండని పిల్లలకు అంగన్‌వాడీ నుంచి గుడ్లు, పాలు ఇంటికే ఇస్తారు. నులిపురుగుల మాత్ర నేనే దగ్గరుండి నమిలించాను. అయినా పాప కింది రెప్ప లోపల తెల్లగా పాలిపోయింది.

గుడ్డు పాపకు చేరడం లేదని డైరీలో రాసుకున్నాను. ఆ మాట నోటితో అడగడానికి రెండు నెలలు పట్టింది.

"యాడికి పోతాది మేడం గుడ్డు? నేను మింగుతాండాననుకుంటివా? నువ్వు నోరు తెరిచేదే అరుదు, తెరిస్తే ఇదేనా!" అంది లక్ష్మీబాయి. పక్కనే ఉన్న అంగన్‌వాడీ టీచరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "రేపు తోటకు రా. దినమంతా బిడ్డ నాతోనే ఉంటాది, ఏం తింటాదో నువ్వే చూద్దువు."

వెళ్లాను. గట్టు మీద కూలీల చెప్పులు వరుసగా ఉన్నాయి, చివర అనితవి. నేను అలాగే అడుగు పెట్టబోతే లక్ష్మీబాయి ఆపింది. "ఈడే ఇడువు మేడం. గెలేసిన తోట, లచ్చిమి. చెప్పులతో తొక్కగూడదు."

విడిచాను. మట్టి తడిగా, చల్లగా తగిలింది. కూలీలు బయటికి కూర్చునేదీ ఆ చాళ్ల చివరే. కొంకిపురుగు పిల్లలు అలాంటి తడిలో బతికి, అరికాలి గుండా ఒంట్లోకి చేరి పేగులో రక్తం తాగుతాయని శిక్షణలో చెప్పారు. మాత్ర ఆరు నెలలకోసారి. పాప అక్కడ నడిచేది రోజూ.

పులివెందులలో మలపరీక్ష చేయిస్తే పురుగు ఉందని తేలింది. డాక్టరు మళ్లీ మాత్ర, ఐరన్ మందు రాశారు. చెప్పుల మాట ఎత్తితే లక్ష్మీబాయి, "నేనైతే తొడగను మేడం. బిడ్డను గట్టు దిగనియ్యనులే," అంది.

మూడు నెలలకు పట్టీ పసుపు దాటి ఆకుపచ్చ అంచుకు వచ్చింది. మాత్ర వల్లనా, మందు వల్లనా, గట్టు వల్లనా, ఇప్పటికీ తేల్చి చెప్పలేను. నన్ను తొండూరు వైపు మార్చారు. మా రిజిస్టరులో తిండికి నాలుగు గడులున్నాయి. ఉద్యోగం ముగిసేదాకా నేను పక్కన పెన్సిలుతో ఇంకొకటి గీసుకున్నాను: బిడ్డ పగలు ఎక్కడ నడుస్తోంది.