చింతపల్లిలో పేరు తెలియని కార్డు

2002 జూన్‌లో నన్ను విశాఖపట్నం జిల్లా సర్వే కార్యాలయం నుంచి చింతపల్లికి నాలుగు రోజుల డ్యూటీ మీద పంపారు. అప్పటికి నేను అసిస్టెంట్ ప్రోగ్రామర్‌ని. మా విభాగంలో ప్రోగ్రాం రాసేవాళ్ళే స్క్రూడ్రైవర్ కూడా పట్టుకోవాలి. చింతపల్లి ఆఫీసులో ఉన్న ఒకే ఒక కంప్యూటర్‌కి పిడుగు దెబ్బ తగిలి గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది. గ్రాఫిక్స్ కార్డు అంటే తెర మీద బొమ్మ వేసే పలక. కొత్తది మంజూరు కావాలంటే నెలలు పడుతుంది కాబట్టి మా స్టోర్సు వాళ్ళు ఎక్కడో పాతది ఒకటి సంపాదించి నా చేతిలో పెట్టారు. దానికి అట్టపెట్టె లేదు, సీడీ లేదు. వెనుక సగం చిరిగిన స్టిక్కర్ మీద ఒక పేరు మాత్రం ఉంది.

బుధవారం మధ్యాహ్నానికి కార్డు బిగించాను. తెర వెలిగింది. అయితే విండోస్‌కి ఆ కార్డు ఏ రకందో తెలియలేదు. అలాంటప్పుడు అది ఏ కార్డుకైనా పనికొచ్చే సాదా పద్ధతిలో, పదహారు రంగులతో, పెద్ద పెద్ద అక్షరాలతో నడుస్తుంది. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి అది చాలు. మా పటాల ప్రోగ్రాం మాత్రం కనీసం రెండు వందల యాభై ఆరు రంగులు లేనిదే తెరుచుకోదు.

ఆ పటాలు శనివారానికి కావాలి. చుట్టుపక్కల ఊళ్ళ కాఫీ తోటలను సర్వేయర్ అప్పలరాజు గారు రెండు సీజన్లు గొలుసు పట్టుకుని కొలిచి ఆ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. శనివారం డిప్యూటీ తహసీల్దారు వచ్చి, రైతుల ఎదుట పటం చూపించి, అభ్యంతరాలు విని, ఏ తోట ఎవరిదో రాసిన జాబితా మీద సంతకం చేస్తారు. పటం లేకపోతే పాత కాగితపు జాబితానే ఖాయం చేస్తామని ముందే చెప్పారు.

పాత జాబితాతో నష్టపోయేవాళ్ళలో కొర్రా చిలకమ్మ ఒకరు. ఆమె భర్త పోయాక వాగు పైనున్న తోటను ఆమే చూసుకుంటోంది. పాత జాబితాలో మాత్రం అది మరిది తోటలో కలిసిపోయి ఉంది. అప్పలరాజు గారి కొలతల్లో రెండూ వేర్వేరు. బుధవారం సాయంత్రం ఆమె ఆఫీసు గుమ్మంలో నిలబడి తెర వైపు చాలాసేపు చూసింది.

"ఏటమ్మా, బొమ్మ రాదేటి?" అని అడిగింది.

"వస్తుందమ్మా, రేపటికల్లా వస్తుంది" అన్నాను. నాకు అప్పుడు ఏ అనుమానమూ లేదు.

డ్రైవర్ అంటే కార్డుకీ విండోస్‌కీ మధ్య దుబాసీ. నా సంచిలో డ్రైవర్ల సీడీ ఒకటి ఎప్పుడూ ఉండేది. స్టిక్కర్ మీది పేరు అందులో దొరికింది. అప్పలరాజు గారు కూడా, "పేరుంది గదా మేడమ్, బేగి ఎక్కించేయండి" అన్నారు. ఎక్కించాను. యంత్రం మళ్ళీ మొదలయ్యాక తెర మీద అడ్డచారలు వచ్చి, తరువాత పూర్తిగా నల్లబడింది. ఎఫ్8 మీట నొక్కి, కార్డు డ్రైవర్ లేకుండానే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ డ్రైవర్ తీసేసేసరికి ఆఫీసు మూసే వేళయింది. గట్టిగా చెప్పిన మాట గుర్తొచ్చి, బయట కూర్చున్న చిలకమ్మ ముఖం చూడకుండా మెట్లు దిగాను.

గురువారం ఉదయం మొదటి నుంచి మొదలుపెట్టాను. కార్డు ఊడదీసి చూస్తే చిప్పు మీద వేడి లాగే అల్యూమినియం దిమ్మ అతికించి ఉంది. చిప్పు మీది పేరు దాని కింద దాగిపోయింది, దాన్ని పీకితే చిప్పే ఊడిరావచ్చు. స్టిక్కర్ మీద నమ్మకం పోయింది కాబట్టి కార్డునే అడగాలి. ప్రతి గ్రాఫిక్స్ కార్డులోనూ దాని వివరాలు రాసిన చిన్న మెమరీ ఉంటుంది. బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచే డాస్‌లోకి వెళ్ళి డీబగ్ అనే ప్రోగ్రాంతో ఆ చోటు తెరిస్తే, ఎడమవైపు అంకెలు, కుడివైపు అక్షరాలు కనిపిస్తాయి. ఆ అక్షరాల్లో స్టిక్కర్ మీది పేరు ఎక్కడా లేదు. ఎవరో కార్డు మీద వేరే కార్డు స్టిక్కర్ అంటించారు.

కిందకు వెళ్తూ పీ, సీ, ఐ, ఆర్ అనే నాలుగు అక్షరాల కోసం వెతికాను. వాటి వెంటనే వచ్చే మొదటి జంట తయారీదారు సంఖ్య, రెండో జంట చిప్పు సంఖ్య. ఒక్కో జంటనూ వెనక నుంచి ముందుకు చదవాలి. అప్పలరాజు గారు చదువుతుంటే నేను రాసుకున్నాను, నేను చదువుతుంటే ఆయన సరిచూశారు. కొలతలు రెండుసార్లు తీయడం ఆయనకు అలవాటే.

చింతపల్లిలో ఇంటర్నెట్ లేదు. ఎస్టీడీ బూత్ నుంచి విశాఖలో నా సహోద్యోగి సుజాతకు ఫోన్ చేసి ఆ సంఖ్యలు చెప్పాను. ఆ చిప్పుకు రెండు రకాల డ్రైవర్లు కనిపిస్తున్నాయని ఆమె చెప్పింది. రెండూ ఫ్లాపీల్లో ముక్కలు చేసి పంపమన్నాను. శుక్రవారం మధ్యాహ్నం బస్సు కండక్టర్ వాటిని ప్లాస్టిక్ కవర్లో తెచ్చి ఇచ్చాడు.

అప్పలరాజు గారు మొదటి కట్ట అందించి, "ఏసి సూసేద్దాం మేడమ్, టైం లేదు" అన్నారు. నేను ఆగమన్నాను. ప్రతి డ్రైవర్‌తోనూ ఐఎన్ఎఫ్ అనే చిన్న ఫైలు వస్తుంది. ఆ డ్రైవర్ ఏ ఏ చిప్పులకు పనికొస్తుందో అందులో సంఖ్యలతో సహా ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతికాను. మొదటి కట్టలో మా సంఖ్య లేదు. పక్కన పెట్టేశాను. రెండో దాంట్లో పదిహేడో వరుసలో ఉంది. అది ఎక్కించి, యంత్రం మళ్ళీ మొదలుపెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అక్షరాలు చిన్నవై తెర వెడల్పయింది. పటాల ప్రోగ్రాం తెరుచుకుంది. ఆకుపచ్చ కాస్త నీలంగా వచ్చేది. చివరిదాకా అది అలాగే ఉండిపోయింది.

శనివారం విచారణలో చిలకమ్మ మరిది, తోట అంతా ఒకటేనని, అన్నదమ్ములు కలిసి నాటిందేనని వాదించాడు. డిప్యూటీ తహసీల్దారు గారు ఆమెను తెర దగ్గరకు పిలిచి, మీ తోట ఎక్కడుందో చూపించమన్నారు. ఆమె అంతకు ముందు ఎప్పుడూ పటం చూడలేదు. కాసేపు వాగు గీత వెంట వేలు జరిపింది.

"ఇదుగో, వాగు ఇక్కడ వంగుద్ది. ఈ పైనంతా నా కాఫీ మొక్కలు, మిరియం పాదులు. అవతలది మా మరిదిది. ఆడిది నాకొద్దు" అంది.

ఆమె వేలు పెట్టిన చోటు అప్పలరాజు గారి హద్దు గీత మీదే ఉంది. మరిది తెర వైపు చూసి, "వాగు అక్కడే వంగుద్ది" అని మాత్రం అన్నాడు. అధికారి ఆమె పేరు వేరుగా రాసి సంతకం చేశారు.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఏ పాత కార్డునీ దాని సంఖ్యలు చదివి రాసుకోకుండా వాడలేదు. నా కింద చేరినవాళ్ళకు కూడా అదే నేర్పాను. డీబగ్ నాకు ముందు నుంచీ వచ్చు. బుధవారం మధ్యాహ్నమే పది నిమిషాలు దానికి ఇచ్చి ఉంటే, గురువారం బస్సుకే ఫ్లాపీలు అందేవి. పని రాకపోవడం వల్ల కాదు, పని వచ్చు కదా అని పరీక్షించకుండా వదిలేయడం వల్ల ఒక రోజు పోయింది.